తునికిపండు తిన్న నాలుకకు చాయ్ పరీక్ష

వేసవిలో ఉట్నూరు, ఖానాపూర్ అడవుల పక్క ఊళ్లలో తునికిపండు తినని పిల్లలు ఉండరు. బాగా మాగినది తియ్యగా ఉంటుంది. తొందరపడి దోరది కొరికితే మాత్రం నాలుక గరుకెక్కుతుంది, చెంపలు లోపలికి పీక్కుపోతాయి, నోట్లో తడినంతా ఎవరో గుడ్డతో అద్దేసినట్టు ఉంటుంది. ఇదే వగరు. చేదు వేరు, పులుపు వేరు, ఇది వేరు. కరీంనగర్ ఇళ్లలో ఉగాది నాడు గ్లాసుల్లో పోసుకుని తాగే పచ్చడిలోనూ మామిడికాయ ముక్క దగ్గర ఈ రుచే తగులుతుంది. నేరేడుపండు, పచ్చి జామకాయ, ఉసిరికాయ, అన్నీ ఈ బడిలోవే.

చాయ్ రుచి చూసి ధర కట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లు కోల్‌కతా, గువాహటి, కూనూరు వేలం కేంద్రాల చుట్టూ ఉన్నారు. కోల్‌కతాలో తొలి చాయ్ వేలం 1861లో జరిగింది. వాళ్లు ప్రతి గుక్కలోనూ వెతికే గుణాల్లో వగరుది ముందువరస. ఎంత ఉంది అన్నదొక్కటే కాదు, ఎలా ఉంది అన్నది అసలు ప్రశ్న. నాలుకను చురుక్కుమనిపించి వెంటనే వదిలేస్తుందా? తుమ్మబంక పూసినట్టు పట్టుకుని వదలదా? మొదటిదైతే ఆకు మంచిది, పని కూడా శుభ్రంగా జరిగింది.

మరి పొద్దున లేస్తే చాయ్ లేనిదే గడవని మన దగ్గర ఈ వగరు మాట ఎందుకు వినపడదు? పాల వల్ల. వగరు పదార్థాలు మామూలుగా మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, అందుకే నోరు ఎండినట్టు అనిపిస్తుంది. పాలు పోస్తే ఆ పట్టు పాలలోని కేసిన్ మీదికి పోతుంది, నాలుక తప్పించుకుంటుంది. పైగా మన డబ్బాల్లో ఉండే చాయ్‌పత్తి దాదాపు అంతా సీటీసీ రకం. 1930ల్లో అస్సాంలో విలియం మెకర్చర్ తయారు చేయించిన యంత్రం ఆకును పళ్ల రోలర్ల మధ్య నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టేస్తుంది. ఆ గుళికల నుంచి రంగు గబగబా దిగుతుంది, పాలకు నిలబడుతుంది. గోదావరిఖనిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన గని కార్మికుడికి కావలసింది అలాంటి చిక్కటి చాయే, దానికి వంక పెట్టే పని లేదు. కాకపోతే తోటకూ తోటకూ, నెలకూ నెలకూ ఉండే తేడా అందులో చాలావరకు మునిగిపోతుంది. ఆ తేడా కావాలంటే ఇలా గుళికలు చేయని పెద్దాకు చాయ్ దగ్గరికి వెళ్లాలి, పాలు లేకుండా తాగాలి.

నల్ల చాయ్, గ్రీన్ టీ రెండు వేర్వేరు చెట్లవని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. చెట్టు ఒక్కటే, కమీలియా సైనెన్సిస్. తేడా అంతా కోసిన తర్వాత వచ్చేది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఎండిన తునికాకును వాళ్లు నీళ్లలో తడిపి, తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. మెత్తబడ్డాకే కొలత పెట్టి కత్తెరతో కోస్తారు. పదును తప్పితే ఆకు చుట్టేటప్పుడు ఫట్‌మని చీలుతుంది, ఆ కూలి పోయినట్టే. చాయ్ తోటలోనూ మొదటి పని ఆకును పదునుకు తేవడమే. పచ్చి ఆకును గంటల తరబడి గాలికి ఆరనిచ్చి వాడేలా చేస్తారు. వాడిన ఆకు విరగదు, మెలి తిరుగుతుంది. మెలిపెట్టినప్పుడు లోపలి రసం గాలికి తగులుతుంది, కోసిపెట్టిన వంకాయ నల్లబడ్డట్టు ఆకు రాగిరంగుకు తిరుగుతుంది. ఈ మార్పులో పుట్టే థియాఫ్లావిన్లు చాయ్‌కి మెరుపునూ చురుకునూ, థియారూబిజిన్లు ఎరుపునూ చిక్కదనాన్నీ ఇస్తాయి. సరైన ఘడియ చూసి వేడిగాలితో ఆరబెట్టి ఆపేస్తే నల్ల చాయ్.

గ్రీన్ టీకి ఈ కథను మొదట్లోనే తుంచేస్తారు. ఆకు రంగు తిరగకముందే సెగ తగిలిస్తారు. జపాన్‌లో ఎక్కువగా ఆవిరి పట్టిస్తారు, చైనాలో వేడి మూకుడులో వేయిస్తారు. రంగు మార్చే ఎంజైము అక్కడే చస్తుంది, పచ్చదనం నిలుస్తుంది.

ఒక చాయ్‌ని ఇంకో చాయ్‌తో పోల్చి చూడటానికి ఒక పద్ధతి ఉంది. పద్ధతి కఠినంగా లేకపోతే పోలికే లేదు. ఐఎస్‌ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం 1980లో వెలువడింది. దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు, సలసల మరిగిన నీళ్లు, మూతపెట్టిన తెల్ల పింగాణీ పాత్ర, సరిగ్గా 6 నిమిషాలు. ఆ ప్రమాణం చెప్పే చిన్న పాత్రకు పట్టే ఆకు 2.8 గ్రాములు. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు కనుక ఇది పావు తులం కంటే రవ్వంత తక్కువ. కంసాలి త్రాసు మీద తూచినంత జాగ్రత్త ఇక్కడా అవసరం, ఎందుకంటే పెద్దాకు చెంచాలో కొండలా కనిపించి తూకానికి తేలిపోతుంది. చెంచా లెక్క నమ్మితే ఒక కప్పు పలచన, ఒక కప్పు చిక్కన అయి, తేడా ఆకుదో చేతిదో తెలియకుండా పోతుంది.

ఆరు నిమిషాలు తాగడానికి ఎక్కువే. లోపాలు దాక్కోకుండా బయటికి రావాలనే పరీక్షలో అంతసేపు ఉంచుతారు. ఇంట్లో తాగడానికి నల్ల చాయ్‌కి మూడు నాలుగు నిమిషాలు చాలు. గ్రీన్ టీకి రెండు నిమిషాలు, నీళ్లు కూడా 80 డిగ్రీల లోపు ఉండాలి. థర్మామీటరు లేకపోయినా ఫర్వాలేదు, మరిగిన నీళ్లను రెండు గిన్నెల మధ్య మూడు నాలుగుసార్లు తిరగబోస్తే దాదాపు అక్కడికి దిగుతాయి. మరిగే నీళ్లు నేరుగా పోస్తే గ్రీన్ టీ చేదెక్కుతుంది. దాన్ని కషాయమని తిట్టి పక్కన పెట్టినవాళ్లలో చాలామంది తాగింది ఆకు తప్పును కాదు, నీళ్ల తప్పును.

ఇక తాగే తీరు. చెంచాతో తీసుకుని సర్రున జుర్రాలి. చప్పుడు రావాలి. గాలితో కలిసి చాయ్ నోరంతా చిమ్ముకుంటుంది, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. మన తాతలు సాసర్‌లో పోసుకుని జుర్రినప్పుడు జరిగింది అచ్చంగా ఇదే. అలా తాగొద్దని పిల్లలను కోప్పడటం మానేస్తే మంచిది.

మొదటిసారికి నాలుగు ఆకులు చాలు. పెద్దాకు అస్సాం, డార్జిలింగ్, నీలగిరి, హిమాచల్‌లోని కాంగ్రా గ్రీన్ టీ. అస్సాంలో రాగిమాల్టు వాసన వస్తుంది, నోట్లో బరువుగా నిలబడుతుంది. డార్జిలింగ్ రంగు చూసి చాలామంది పలచన అనుకుంటారు, అదే పొరపాటు. మే, జూన్ నెలల కోతలో మాగిన ద్రాక్ష వాసన ఉంటుంది, వగరు సన్నగా నాలుక చివర మెరిసి పోతుంది. దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన తొలి సరుకు ఈ చాయే, 2004లో. నీలగిరిలో పూల వాసన, తేలికదనం. కాంగ్రా గ్రీన్ టీ తాగితే లేత చిక్కుడుకాయ ఉడుకుతున్న వంటిల్లు గుర్తుకొస్తుంది. మాటలు మనవే వాడుకోవాలి. అడవిలో కొరికిన తునికిపండును కొలబద్దగా పెట్టుకుని దానికి ఇది ఎంత దూరం అని రాసుకున్నా తప్పు లేదు.

నీళ్ల సంగతి మరవకూడదు. ఒకే ఆకు లోయర్ మానేరు డ్యామ్ నీళ్లలో ఒకలా, ఉప్పటి బోరు నీళ్లలో ఇంకోలా దిగుతుంది. సున్నం ఎక్కువున్న నీళ్లలో చాయ్ మీద సన్నటి తెట్టు కడుతుంది, రంగు మొద్దుబారుతుంది. మంచి ఆకు కొని బోరు నీళ్లలో వేస్తే డబ్బు సగం వృథా.

కొనేటప్పుడు పేరు ముందున్న ఇంగ్లిషు అక్షరాల వరసకు మోసపోవద్దు. ఆరెంజ్ పెకో అంటే నారింజ వాసన కాదు, అది ఆకు ఆకారానికి, పరిమాణానికి పెట్టిన పేరు. విడిగా అమ్మే చాయ్‌పత్తి మీద అనుమానం ఉంటే తడి వడపోత కాగితం మీద చిటికెడు చల్లి చూడాలి. వెంటనే ఎర్రటి మరకలు దిగితే రంగు కలిపారన్నమాట. పెద్దాకు చాయ్ మన కిరాణా కొట్లలో అరుదు, ఎక్కువగా తెప్పించుకోవాలి. ధర బెదరగొడుతుంది కానీ 100 గ్రాములు 35 కప్పులకు వస్తాయి, గ్రీన్ టీ ఆకైతే రెండోసారి కూడా నీళ్లు పోయించుకుంటుంది.

తాగాక ఆకు పారేయొద్దు. మూతను వెల్లకిలా పెట్టి అందులో గుమ్మరిస్తే, వేడికి విప్పుకున్న ఆకులు చదునుగా పరుచుకుంటాయి. మొగ్గ, దాని పక్కన రెండు లేతాకులు ఒకే కాడకు ఉంటే కోత ఒద్దికగా జరిగిందని అర్థం. కాడలు, ముదురాకు పేలికలు ఎక్కువుంటే ఆ వగరు ఎందుకు అంతసేపు పట్టుకుందో కళ్లముందే తెలుస్తుంది.

చలికాలం ఈ పరీక్షకు అనువైన రోజులు. ఆదిలాబాద్‌లో, సిర్పూర్ (యు) వైపు చలి బిగిసిన పొద్దుల్లో అస్సాం కప్పును అలా వదిలేస్తే చల్లారేకొద్దీ పాలు పోసినట్టు మసకేస్తుంది. చెడిపోయిందని పారబోయనక్కర్లేదు. థియాఫ్లావిన్లు కెఫీన్‌తో జతకట్టి ముద్దయిన మసక అది, ఆకులో సత్తువ ఉందనడానికి రుచి చూసేవాళ్లు వెతికే గుర్తు. పొయ్యి మీద కాస్త వేడి చూపిస్తే విడిపోతుంది, అడుగు కనిపించే ఎరుపు తిరిగి వస్తుంది.