తిరిగి వచ్చిన ఆవు: జన్మాంతర కల్పనపై ఒక పరిశీలన

కిందటి సంవత్సరం మా కళాశాల విద్యార్థులకు ఆంధ్ర మహాభాగవతంలోని జడభరతుని కథ పాఠం చెప్పాను. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని పరీక్ష పత్రంలో కథాసారం రాసి, చివర తన మాటగా నాలుగు వాక్యాలు చేర్చింది. వాళ్ల ఇంటి ఆవు ఒక ఎండాకాలంలో చచ్చిపోయింది. మరుసటి ఏడు ఆ ఆవు బిడ్డ ఈనితే, నొసట అదే తెల్లచుక్కతో పెయ్యదూడ పుట్టింది. "అది యాడికి పోతుంది? మనల్ని ఇడిసి ఉండలేక మళ్లా వచ్చింది" అని వాళ్ల అవ్వ దానికి పాత పేరే పెట్టింది. నేను ఎర్ర సిరాతో "మూఢవిశ్వాసం" అని రాసి పత్రం తిరిగి ఇచ్చేశాను. తరగతి ముగిశాక ఆ అమ్మాయి వచ్చి, "సార్, మా అవ్వది మూఢవిశ్వాసమైతే భరతుడి కథ ఏమిటి? దానికి మార్కులిచ్చి దీన్ని కొట్టేశారే" అన్నది.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. అభ్యుదయవాదులమని చెప్పుకునే అధ్యాపకులలో చాలామంది పరిస్థితి ఇదే. గ్రంథంలో ఉన్నదాన్ని "కావ్యకల్పన" అంటాము. అదే మాట పల్లెలో ముసలవ్వ నోట వస్తే "అజ్ఞానం" అంటాము. ఇది విమర్శ కాదు, పక్షపాతం. కనుక రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి చూద్దాం.

భాగవత పంచమ స్కంధాన్ని తెలుగు చేసినవాడు గంగన. అందులో భరతుడు రాజ్యం వదలి తపస్సుకు పోతాడు. సింహగర్జనకు బెదరి ఏటిలోకి దూకిన నిండుచూలాలు లేడి ఈని చచ్చిపోతుంది. నీటిలో కొట్టుకుపోతున్న పిల్లను ఆయన కాపాడి పెంచుతాడు. దాని ధ్యాసలోనే ప్రాణం వదిలి తానే లేడిగా పుడతాడు. పాఠకులు గమనించవలసిన విషయమేమంటే, ఇక్కడ పెంచిన జంతువు తిరిగి రాలేదు. పెంచినవాడే జంతువైపోయాడు. ప్రేమించడం తప్పు, లేడిజన్మ దానికి శిక్ష. తల్లిలేని పిల్లను ఆదుకున్నందుకు ఒక మనిషి దిగజారాడని చెప్పే తత్త్వం ఎవరికి పనికివస్తుంది? సంసారబాధ్యత లేనివాడికే పనికివస్తుంది. పాడి మీద బతికే రైతుకు పనికిరాదు.

ఆ తరువాతి జన్మలో ఆయన జడభరతుడై రహూగణ మహారాజు పల్లకి మోస్తాడు. కాలి కింద చీమలు నలుగుతాయేమోనని చూసుకుంటూ నడిస్తే పల్లకి కుదుపుతుంది. రాజు కసరుతాడు. మోసేవాడు జ్ఞాని అని తెలిశాక దిగివచ్చి కాళ్ల మీద పడతాడు. మంచిదే. అయితే ఆ పల్లకిని మోసిన తక్కిన బోయీల మాటేమిటి? వాళ్ల పూర్వజన్మను ఎవరూ అడగలేదు, ఈ జన్మను అసలే అడగలేదు. కర్మసిద్ధాంతం చేసే పని ఇక్కడ తేటగా కనబడుతుంది. ఒక్కడి మోతకు కథ చెప్పి, అందరి మోతను సహజం చేస్తుంది.

ఇక మన శ్రీకాళహస్తికి వద్దాం. సాలెపురుగు, పాము, ఏనుగు: ఈ మూడింటి పేర్ల మీద వెలసిన క్షేత్రమది. ధూర్జటి పదహారవ శతాబ్దంలో కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో వాటి కథ చెప్పాడు. గుడిగా అల్లిన గూడు దీపానికి కాలిపోతే, ఆ మంటనే మింగబోయిన సాలీడు మనకు మరపురాదు. మణులు పెట్టి పూజించే పాము, ఆకులూ పూలూ పెట్టి పూజించే ఏనుగు ఒకదాని పూజను మరొకటి చెరిపి, చివరకు పోరాడి చస్తాయి. మూడింటికీ శివుడు ముక్తి ఇచ్చాడు. ముక్తి అంటే తిరిగి రాకపోవడం. కావేరీతీరాన తిరువానైక్కాలో ఇటువంటి సాలీడే కోచ్చెంగణ్ణాన్ అనే చోళరాజుగా పుట్టి గుడులు కట్టించిందని తమిళుల పెరియపురాణం చెబుతుంది. ఒకచోట పురుగుకు మోక్షం, ఇంకొకచోట సింహాసనం. పురుగు పురుగుగా గౌరవం పొంది బతకడం మాత్రం రెండుచోట్లా లేదు. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్న మహారాజు. తిక్కన భారతంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క కూడా ఆఖరికి యముడైంది. విశ్వాసం చూపింది నిజంగా ఒక కుక్కేనంటే మన పురాణానికి తోచలేదు.

ఇది ప్రాచీనుల ధోరణి మాత్రమే కాదు. సూరి నాగమ్మగారు 1945 నుంచి తన అన్నగారికి రాసిన శ్రీ రమణాశ్రమ లేఖలు మంచి తెలుగు వచనం. తిరువణ్ణామలైలోని లక్ష్మి అనే ఆవు ఆ ఆశ్రమచరిత్రలో ఒక పాత్ర. కొండ మీద ఆకుకూర ఏరి రమణులకు వండిపెట్టిన కీరైపాట్టి అనే ముసలమ్మే ఈ ఆవుగా వచ్చిందని భక్తుల నమ్మకం. 1948 జూన్ 18న లక్ష్మి చనిపోతే సమాధి కట్టారు. ఆవు మీద రమణులు చూపిన ఆప్యాయతను నేను శంకించను. ఆవు ఆవైనందుకే ఆ ఆప్యాయతకు తగదా అన్నదే నా ప్రశ్న. దాని మంచితనానికి ఒక మనిషి పూచీ ఎందుకు?

వీటి పక్కన అవ్వ మాట పెట్టి చూస్తే నాకు ఆశ్చర్యం కలిగింది. ఆమె లెక్కలో శిక్ష లేదు, పుణ్యం లేదు, మెట్లు లేవు. ఆవు రాజు కాలేదు, దేవత కాలేదు. ఆవే ఆవుగా, అదే కొట్టానికి వచ్చింది. మమకారం బంధమని శాస్త్రం అంటే, ఆ మమకారమే దారి చూపిందని ఆమె అంటుంది. నిరక్షరాస్య అయిన ఆ రైతు స్త్రీ తనకు తెలియకుండానే శాస్త్రాన్ని సవరించింది. భావంలో ఆమె గంగన కన్నా మనకు దగ్గర.

అయినా నేను ఆ నమ్మకాన్ని ఒప్పుకోలేను. అమ్మమ్మ నొసటి చుక్క మనవరాలికి రావడానికి వంశానుక్రమం చాలు. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. ఆవు తిరిగి వచ్చిందనుకున్న క్షణంలో, అది ఎందుకు చచ్చిందన్న ప్రశ్న మూతపడుతుంది. శరత్ బాబు "మహేశ్" కథ గుర్తు చేసుకోండి. జమీందారు మేతబీడు అమ్ముకున్నాడు. పిడికెడు గడ్డి అప్పు పుట్టలేదు. ఆకలి, దాహం, కోపం కమ్మిన క్షణంలో గఫూర్ తన చేతులతోనే ఎద్దును చంపుకున్నాడు. కూతురితో జూట్ మిల్లుకు పోతూ అతడు మహేశ్‌ను తిరిగి ఇమ్మని అల్లాను అడగలేదు. మేతా నీళ్లూ లేకుండా చేసినవాళ్లను క్షమించవద్దన్నాడు. భరతుని కథకూ ఈ కథకూ ఉన్న దూరమే పురాణానికీ వాస్తవిక సాహిత్యానికీ ఉన్న దూరం. దుఃఖం రెండింటిలోనూ ఉంది. మొదటిది దాన్ని వచ్చే జన్మకు పంపుతుంది, రెండవది ఈ ఊరిలోనే నిలబెట్టి నిలదీస్తుంది.

మరి అవ్వకు ఓదార్పు వద్దా అని అడగవచ్చు. వద్దనడానికి నేనెవరిని? వేరే ఓదార్పు చూపలేని సమాజం ఆమె ఓదార్పును వెక్కిరించకూడదు. నేను చేసిన తప్పు అదే.

ఆ అమ్మాయిని పిలిచి, పత్రం మీద నేను రాసిన మాట కొట్టివేశాను. దాని కింద "ఆవు ఎందుకు చచ్చిపోయిందో రాయలేదు" అని రాసి ఇచ్చాను. వారం తరువాత రెండు పుటలు రాసి తెచ్చింది. ఆ ఏడు బోరు ఎండింది. చొప్ప కొనడానికి డబ్బు లేదు. ఊరి మేతబీడు చుట్టూ ఎవరో కంచె వేశారు. ఆ రెండు పుటలలో పునర్జన్మ ఊసే లేదు. చివర మాత్రం "పెయ్య పేరు మార్చలేదు సార్" అని ఉంది.

మార్చవలసిన అవసరం నాకూ కనబడలేదు.