రాముడు బాకీపడిన అడవి

భద్రగిరి గోష్ఠీ, నీకు దండం.

నువ్వు రాజాజ్ఞతో పుట్టలేదు. ఏ పీఠాధిపతీ నీకు ముహూర్తం పెట్టలేదు. నియమావళి రాసుకున్నదానివి కావు, సభ్యుల జాబితా పెట్టుకున్నదానివీ కావు. పుట్టమన్ను కడిగిన ఒక ఆడమనిషి చేతుల్లో పుట్టావు. ఒక తహసీల్దారు నెత్తిన పడిన నేరంతో పెరిగావు. చెరసాల చీకట్లో గొంతు తెచ్చుకున్నావు. మూడున్నర శతాబ్దాలుగా పల్లె రామాలయాల్లో, భజన మందిరాల్లో, రేడియోల ముందు, నడిచే దారుల్లో, గోదావరి ఒడ్డున కూడుతూనే ఉన్నావు. రాముడి పేరున కూడినవాళ్ళు ఈ దేశంలో ఎందరో. రాముడితో ఖాతా తెరిచి, ఇచ్చిందీ పుచ్చుకున్నదీ ఆయన ముఖాన్నే లెక్క చెప్పినదానివి మాత్రం నువ్వే.

చైత్రం రాగానే నీ అలికిడి చండ్రుగొండ దాకా వస్తుంది. కనకగిరి గుట్టల మీద మోదుగ పూత రాలిపోయి ఉంటుంది. తెల్లవారకముందే ఇప్పచెట్ల కింద బుట్టలు చేరతాయి. తునికాకు కోత ఇంకా మొదలు కాదు, పోడు చేలల్లో పని ఉండదు. చేతులు కాస్త ఖాళీ అయ్యే ఆ నాలుగు రోజుల్లో అడవి పల్లెలకు రాముడి పెళ్ళి గుర్తొస్తుంది. పామాయిల్ తోటలు దాటి, కొత్తగూడెం బొగ్గు దాటి, పాల్వంచ పొగగొట్టాలు దాటి, సారపాక కాగితం మిల్లు దాటి, 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ప్రారంభించిన వారధి ఎక్కుతారు. కింద గోదావరి. ఎదురుగా గుట్ట మీద గోపురం. వారధి లేని రోజుల్లో పడవలో దాటారు. అప్పుడూ ఇదే పెళ్ళికి, ఇప్పుడూ ఇదే పెళ్ళికి.

మొదటి బాకీ దేవుడిదే. స్థలపురాణం ఆ మాట దాచలేదు. మేరువు కొడుకు భద్రుడు తపస్సు చేశాడు. సీతను వెతుకుతూ పోతున్న రాముడు, పని ముగించుకుని తిరిగొచ్చి నీ తల మీద కొలువుంటానని మాటిచ్చాడు. రావణుణ్ణి చంపాడు, పట్టాభిషేకం చేసుకున్నాడు, రాజ్యం ఏలాడు, అవతారం చాలించాడు. భద్రుడు మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నాడు. వైకుంఠంలో కూర్చున్నాక గాని మాట గుర్తురాలేదు. గుర్తొచ్చిన క్షణాన ఆగలేక, సీతను ఎడమ తొడ మీద కూర్చోబెట్టుకుని, లక్ష్మణుణ్ణి పక్కన నిలబెట్టుకుని, నాలుగు చేతులతోనే దిగివచ్చాడు. ఆ తొందరలో శంఖం కుడిచేతికీ చక్రం ఎడమచేతికీ మారిపోయాయని చెబుతారు. మాట తప్పానని తెలిసి పరుగున వచ్చిన దేవుణ్ణి, ఆ తడబాటుతో సహా రాతిలో నిలుపుకున్న గోష్ఠీ, నీకు దండం. తన ఆలస్యాన్ని దేవుడే చేతుల మీద చూపిస్తున్న చోట, తప్పు ఒప్పుకోవడానికి మనుషులకేం నామోషీ?

పోకల దమ్మక్కకు దండం. భద్రిరెడ్డిపాలెంలో ఉండే గిరిజన స్త్రీ అని చెబుతారు. పుట్టలో ఉన్నానని రాముడు ఆమెకు కలలో చెప్పాడట. ఆమె గునపం తీసుకోలేదు. బిందెలతో గోదావరి నీళ్ళు మోసుకొచ్చి పుట్ట మీద పోసింది. మట్టి కరిగి విగ్రహాలు బయటపడ్డాయి. వాటి మీద తాటాకు పందిరి వేసింది. మంత్రం రాదు, మడి తెలియదు, నైవేద్యానికి పరమాన్నం లేదు. అడవిలో దొరికిన తాటిపండు పెట్టింది. నీ మొదటి ప్రసాదం అదే. నీ మొదటి అర్చకురాలు ఆమే. ఉన్నదాన్ని పెట్టడమే పూజ అన్న నీ మొదటి ధర్మానికి శాసనం లేదు, ఆ పండే శాసనం. పెద్ద గుడి లేచింది ఆ తర్వాతే, ఆ పందిరి వేసిన నేల మీదే.

నేలకొండపల్లి గోపన్నకు దండం. లింగన్న, కామాంబల బిడ్డ. గోలకొండ దర్బారులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలకు మేనల్లుడు. 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్ తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చాడు. సిస్తు వసూలు చేసి హైదరాబాదు ఖజానాకు పంపడం ఆయన ఉద్యోగం. దమ్మక్క పందిరి చూశాక ఉద్యోగం ఒక దారి, మనసు ఇంకో దారి పట్టాయి. గోపురం లేపాడు, ప్రాకారం కట్టాడు. సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి చేయించాడు. ఖర్చు ఆరు లక్షల వరహాలు అంటారు.

గోష్ఠీ, ఇక్కడ నిన్ను పొగిడి దాటిపోవడం తేలిక. నేను దాటను. ఆ వరహాలు గోపన్న సొంతం కావు, నిజానికి నవాబువీ కావు. వాటి వెనుక దున్నిన రైతులున్నారు, కళ్ళంలో గింజ కొలిచి ఇచ్చినవాళ్ళున్నారు. భక్తి గొప్పదే, కానీ మరొకరి చెమటను అడగకుండా వాడుకుంటే అది అప్పే. ఆ నిజాన్ని నీ కథ కప్పిపుచ్చలేదు. భక్తుడని శిక్ష తప్పించలేదు. గోపన్నను గోలకొండకు పంపింది, కోటలో బందీని చేసింది, కొరడా దెబ్బలు తినిపించింది. పన్నెండేళ్ళు అని జనం లెక్క. నీలో ఉన్న ఈ నిజాయితీకి దండం.

ఆ చెరసాలకు దండం. గోలకొండ వెళ్ళినవాళ్ళకు ఇప్పటికీ ఆ చీకటిగది చూపిస్తారు. గోడ మీద రాముడు, సీత, హనుమంతుడు బొమ్మలుగా ఉంటారు. గోపన్న తన చేత్తో చెక్కుకున్నాడని చెబుతారు. అక్కడే ఆయన రామదాసయ్యాడు. అక్కడే తెలుగువాడి నోట భక్తికి కొత్త గొంతు వచ్చింది. అది ప్రాధేయపడే గొంతు కాదు, పంచాయితీలో నిలబడి అడిగే గొంతు. ఏ నగ ఎవరికి చేయించాడో పేరుపేరునా చదివి వినిపించి, ఇవన్నీ ఎవరి సొమ్మనుకుని పెట్టుకుని తిరుగుతున్నావని రాముణ్ణి నిలదీశాడు. మరుక్షణమే, దెబ్బల బాధకు నోరు జారానని కాళ్ళ మీద పడ్డాడు. రాముడు పలకకపోతే సీతమ్మతో మొరపెట్టుకుని, నువ్వైనా ఆయనకు చెప్పమ్మా అని బతిమాలాడు. ఒక ఇంట్లోవాళ్ళు పోట్లాడుకున్నట్టు దేవుడితో పోట్లాడాడు. ఆ పాటల్లో సంస్కృత పాండిత్యం వెతికితే చాలా చోట్ల దొరకదు, అరుగు మీది మాట దొరుకుతుంది. దాశరథీ శతకం రాసిన చేయి పద్యమూ కట్టగలదు. కానీ దెబ్బ తిన్న ఒళ్ళు పాట కట్టుకుంది. ప్రేమ ఉన్నచోట గద్దించే హక్కు ఉంటుందన్న నీ రెండో ధర్మం అలా పుట్టింది.

నీ తలుపుకు దండం. కబీరు నీ గుడికి వచ్చాడని ఒక కథ చెబుతావు. తురకవాడని అర్చకులు అడ్డుకున్నారట. లోపల చూస్తే విగ్రహాలు లేవు. రామదాసు ఆయన చేయి పట్టుకుని లోపలికి తీసుకొస్తే మళ్ళీ కనిపించాయట. కాలం లెక్క వేస్తే ఈ కథ నిలవదు. కబీరు గోపన్నకు ఎంతో ముందువాడు. పండితులు ఆ మాట ఎప్పుడో చెప్పారు. అయినా నువ్వు ఆ కథను వదులుకోలేదు. వదులుకోనందుకే నీకు దండం. చరిత్ర తప్పితే దిద్దుకోవచ్చు, తలుపు మూసుకుంటే దేవుడే ఉండడన్న ఎరుక తప్పితే దిద్దుకోవడానికి లోపల ఎవరూ మిగలరు.

ఇక ఆ అర్ధరాత్రికి దండం. తానీషా పడకగదికి ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చారు. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకున్నారు. రామదాసు నౌకర్లమన్నారు. ఆరు లక్షలకు రామమాడలు కుప్ప పోశారు. పోసి ఊరుకోలేదు, రసీదు అడిగారు. నవాబు రాసిచ్చాడు. ఆ కాగితం తెల్లవారేసరికి చెరలో నిద్రపోతున్న గోపన్న పక్కన ఉంది.

ఎన్ని పురాణాలు తిరగేసినా, రసీదు అడిగిన దేవుడు ఎక్కడ దొరుకుతాడు? ఆయన ఆ చెర గోడలు కూల్చవచ్చు, నవాబు మనసు మార్చవచ్చు, కొరడాను పూలదండ చేయవచ్చు. అవేవీ చేయలేదు. భక్తుడి పేరున ఉన్న బాకీ పైసాతో సహా కట్టాడు. నగలు పెట్టుకున్నవాడే డబ్బు కట్టాలన్న న్యాయాన్ని తన మీద తానే అమలు చేసుకున్నాడు. నీ ధర్మాలన్నిటికీ తలమానికమైన మూడోది ఇదే. మహిమ కన్నా లెక్క తేలడం గొప్ప. భక్తి బాకీని రద్దు చేయదు, తీర్చమంటుంది.

ఆ రామమాడలు తానీషాను కూడా నీ మనిషిని చేశాయి. గోపన్నను విడిచిపెట్టాడు, రాముడి పెళ్ళికి ముత్యాల తలంబ్రాలు పంపాడు. 1686లో అక్కన్న, మాదన్నలు హతమయ్యారు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకున్నాడు. కుతుబ్‌షాహీల రాజ్యం పోయింది, తానీషా దౌలతాబాదు కోటలో బందీ అయ్యాడు. రామదాసును చెరలో పెట్టినవాడికి చెర రాసిపెట్టి ఉంది. కానీ ముత్యాలు పంపే మర్యాద పోలేదు. నిజాముల కాలంలో సాగింది, ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం పట్టుబట్టలతో పాటు పంపుతుంది. ఒక ముసల్మాను రాజు మొదలుపెట్టిన పెళ్ళి కానుకతో నీ రాముడు ఏటా నవమినాడు, అభిజిత్ లగ్నంలో, మిథిలా మండపంలో పెళ్ళికొడుకవుతున్నాడు. అదే తలంబ్రాల కోసం గోదావరి జిల్లాల కోరుకొండ వైపు జనం వడ్లను రోట్లో దంచకుండా గోళ్ళతో ఒలిచి బియ్యం పంపుతారు. ముత్యమూ, గోటితో ఒలిచిన గింజా ఒకే పళ్ళెంలో కలుస్తాయి. ఏది ఎవరిదో రాముడి తల మీద పడ్డాక ఎవరు విడదీస్తారు?

నీ పాటను మోసినవాళ్ళందరికీ దండం. పూజలు సన్నగిల్లిన కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చిన తూము నరసింహదాసుకు, ఆయనకు తోడైన వరద రామదాసుకు దండం. స్నేహితుడు పోయినప్పుడు ఆ దేహాన్ని మోసుకుంటూ నరసింహదాసు గోదావరిలోకి నడిచి వెళ్ళిపోయాడని చెబుతారు. కావేరి ఒడ్డున కూర్చుని రామదాసును తలచుకుంటూ పాడిన త్యాగరాజుకు దండం. ఆ కీర్తనలను కచేరీ వేదిక ఎక్కించి, ఇంటింటి గొంతుల్లోకి తిరిగి దింపిన మంగళంపల్లి బాలమురళీకృష్ణకు దండం. ఆకాశవాణిలో కల్యాణ వ్యాఖ్యానం చెప్పి, గోదావరి చూడని ఊళ్ళను కూడా పందిట్లో కూర్చోబెట్టిన ఉషశ్రీకి దండం. ఒక్క రేడియో చుట్టూ వాడంతా కూర్చుని, మాంగల్యధారణ వేళకు అక్షింతలు చల్లుకున్న ఆ మధ్యాహ్నాలకు దండం.

నీకు ఎల్లలు గీసినవాళ్ళు ఎందరో. 1860లో నిజాం భద్రగిరి ఉన్న ఒడ్డును ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నాడు. తర్వాత ఇది మద్రాసు రాజధానిలో చేరింది. నది అవతల పాల్వంచ, చండ్రుగొండ నిజాం ఇలాకాలోనే ఉండిపోయాయి. ఒక దొరతనం నుంచి ఇంకో దొరతనంలోకి పడవ దాటి జనం దేవుణ్ణి చూసుకున్నారు. 1959లో తూర్పు గోదావరి నుంచి తెచ్చి ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఊరు తెలంగాణకు, పక్కనే పురుషోత్తపట్నంలోని రాముడి మాన్యం ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. గోదావరి కూడా నిన్ను ఊరికే వదల్లేదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు లేచి వీధుల్లోకి వచ్చింది. నీళ్ళు తీశాక బురద కడుక్కుని మళ్ళీ భజనకు కూర్చున్నావు.

గోష్ఠీ, ఇన్ని దండాలు పెట్టాక ఒక మాట అడుగుతాను. అడగడం నువ్వు నేర్పిందే.

నీ ఖాతాలో ఒక బాకీ మిగిలి ఉంది, దమ్మక్కది. ఏటా ఆమె పేరున సేవాయాత్ర జరుగుతోంది, మంచిదే. కానీ ఆమె జాతివాళ్ళు ఈ అడవిలో ఎలా ఉన్నారు? 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినా, తాతలనాటి పోడుకు పట్టా కోసం తిరిగేవాళ్ళు గూడేల్లో ఇంకా ఉన్నారు. శబరి గోదావరిలో కలిసే కూనవరం వైపు కోయ గూడేలు పోలవరం ముంపు కింద ఉన్నాయి. రాముడికి ఎంగిలి పండు పెట్టిన శబరి పేరున్న ఏరది. తాటిపండు పెట్టిన దమ్మక్క అడవి ఇది. రెండు పండ్లూ తిన్న దేవుడి గుడి నీది. పెట్టినవాళ్ళకు తిరిగి ఏం పెట్టావు?

నేను నీకు పరాయివాణ్ణి కాను, ఆ బాకీలో నాకూ వాటా ఉంది. ముత్యాల తలంబ్రాలు తలకు అద్దుకున్న ప్రతివాడికీ ఉంది. హుండీలో వేసిన కానుకతో అది తీరదు, కీర్తన పాడితే తీరదు. నేల అడిగినవాళ్ళ పక్కన నిలబడితే, ఊరు పోయినవాళ్ళకు ఊరు దక్కేదాకా అడుగుతూ ఉంటే, గూడెం బిడ్డకు బడి నిలబడితే కొంత తీరుతుంది. రాముడు తానీషాను రసీదు అడిగాడు. మనం అడగాల్సింది నవాబును కాదు, గూడెంలో ఉన్న దమ్మక్కను. ఆమె ముట్టిందని చెప్పేదాకా లెక్క తేలినట్టు కాదు. గోష్ఠీ, ఖాతా తెరువు, మా పేర్లు రాసుకో.