వాహనమందలి వాణి

2004 డిసెంబరు 26వ తేదీన సముద్రము పొంగి అండమాను నికోబారు దీవుల వార్తా సంబంధములను ఛిన్నాభిన్నము చేసిన వేళ, హైదరాబాదున 1983లో నెలకొన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున, దేశదేశముల హాములతో, అనగా అమెచ్యూర్ రేడియో వారితో, సంభాషించుటకై అప్పటికే పోర్ట్ బ్లెయిరులో విడిదిచేసియుండిన భారతీ ప్రసాద్ బృందము, ఆ వినోదకార్యమును అక్కడికక్కడే విరమించి, దీవులకును ప్రధానభూమికిని నడుమ క్షేమవార్తలను చేరవేయుటకు పూనుకొనెను. సముద్రములను లంఘించిన ఆ పని హ్రస్వతరంగములది. దానికంటె చిన్నదై, కారులోనో జీపులోనో ఇమిడి, చుట్టుపట్ల ఊళ్ల మేరకు మాటను మోయు, రెండు మీటర్ల తరంగపట్టీపై పలుకు మొబైల్ సెట్టును గూర్చి ఇచట వ్రాయదలచితిని. ఏలయన, దానిని కొన్నవారు పెక్కురు గాని, ఆపదకు ముందే దానిని సిద్ధపరచి యుంచుకొను విద్యను పూర్తిగా అభ్యసించినవారు కొందరేయని నా యభిప్రాయము.

మన దేశమున ఈ పట్టీ 144 మెగాహెర్ట్‌జులు మొదలు 146 వరకు గలదు. చేతిసెట్టు సామాన్యముగా 5 వాట్ల శక్తితో పలుకగా, వాహనపు సెట్టు 50 వాట్ల వరకు పలుకును. అట్లు పలుకునపుడు 13.8 వోల్టుల వద్ద పది ఆంపియర్ల ప్రాంతమున విద్యుత్తును లాగును. కావున సిగరెట్ లైటరు సాకెట్టునుండి దీనికి విద్యుత్తు నిచ్చుట తగదు. లావుపాటి తీగలను నేరుగా బ్యాటరీనుండి తెచ్చి, బ్యాటరీకి చేరువనే ఫ్యూజు నమర్చవలయును. త్రోవలో ఎచ్చటనైన తీగ ఒరసి బాడీకి తగిలినచో మంట పుట్టకుండ కాపాడునది అదియే. అంటెన్నా విషయమున శ్రద్ధ ఇంకను ఎక్కువ కావలయును. తరంగదైర్ఘ్యములో నాల్గవవంతు, అనగా దాదాపు 49 సెంటీమీటర్ల కమ్మి, పైకప్పు నట్టనడుమ నిలిచినపుడు క్రిందనున్న రేకే దానికి రెండవ సగమై, నలుదిక్కులకును ఇంచుమించు సమముగా ప్రసరింపజేయును. అదే కమ్మిని ఒక మూల బిగించినచో ఒక దిక్కున బలమును మరియొక దిక్కున బలహీనతయు కలుగును. కప్పునకు రంధ్రము చేయ మనసొప్పనివారు అయస్కాంతపు పీటను వాడుదురు, అదియు మంచిదే.

ఇక ప్రోగ్రామింగు. కొండపైననో ఎత్తైన మేడపైననో నెలకొల్పబడిన రిపీటరు, ఈవలి యూరి కేకను అందుకొని ఆవలి యూరికి వినిపించు మనిషివంటిది. కాని అది వినుటయు పలుకుటయు ఏకకాలమున చేయవలసియుండుటచే, తన కంఠము తన చెవినే మూసివేయకుండ, వినుటకొక పౌనఃపున్యమును పలుకుటకు వేరొకదానిని వాడును. ఈ పట్టీలో ఆ రెంటి అంతరము వాడుకగా 600 కిలోహెర్ట్‌జులు. కావున మొదట మనము వినవలసిన పౌనఃపున్యమును సెట్టులో నిలిపి, ఆ అంతరము, అనగా ఆఫ్‌సెట్, ధనమో ఋణమో నిర్ణయించి, టోనును చేర్చి, అటుపిమ్మటనే మెమరీలో వ్రాయవలెను. టోను అనునది మాటల క్రింద అణగి, చెవికి తోపకయే సాగు మంద్రస్వరము. నియమితమైన ఆ స్వరము తాకినగాని రిపీటరు తలుపు తెరువదు, కనుక దారినపోవు రొద దానిని మేల్కొలుపజాలదు. ఇచటనే క్రొత్తవారు తడబడుదురు. సెట్టులో టోను, టోన్ స్క్వెల్చ్ అని రెండు వేర్వేరు అమరికలుండును. మొదటిది స్వరమును పంపుట మాత్రమే చేయగా, రెండవది అదే స్వరము తిరిగి రానంతవరకు మన స్పీకరును కూడ మూసియుంచును. రిపీటరు స్వరమును తిరిగి పంపనిదైనచో, ఎంత సంభాషణ జరుగుచున్నను రెండవదానిని ఎంచుకొన్నవానికి నిశ్శబ్దమే దక్కును.

నేడు కేబుల్ తగిలించి, చిర్ప్ వంటి సాఫ్ట్‌వేరుతో చానెళ్లన్నిటిని కంప్యూటరునుండి ఒక్కసారిగా నింపవచ్చును. ఆ సౌకర్యమును నేను మెచ్చుకొందును. అయినను ముందుగా మైకు మీటలతోనే ఒక చానెలును వ్రాయనేర్చుట ఆవశ్యకమని నొక్కి చెప్పుచున్నాను. క్రొత్త జిల్లాలో రోడ్డుప్రక్క ఆగి, అచటి హాము చెప్పిన అంకెలను అప్పటికప్పుడు ఎక్కించుకొనవలసి వచ్చినపుడు ల్యాప్‌టాప్ చెంతనుండదు. చానెళ్లను అంకెల క్రమమున గాక, త్రోవవెంట ఏ రిపీటరు ముందు తగులునో ఏది పిమ్మట తగులునో ఆ వరుసనే పేర్చి, ప్రతిదానికి ఊరిపేరు పెట్టుకొన్నచో, నడుపుచున్నవాని చూపు రోడ్డును విడువనక్కర యుండదు. ప్రతి రిపీటరు సరసన, రిపీటరు లేకయే నేరుగా పలుకుటకు పనికివచ్చు సింప్లెక్స్ చానెలొకటి వ్రాసియుంచుట మరవరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు కరెంటును సెల్‌ఫోనులును ఎట్లు మూగవోయెనో చూచితిమి. అట్టి గాలికి కొండమీది రిపీటరు కూడ నిలుచునని నమ్మి కూర్చుండరాదు. అపుడు బండినుండి బండికి నేరుగా పోవు మాటయే మిగులును.

వైర్‌లెస్ ప్లానింగ్ విభాగమువారి పరీక్షలో నెగ్గి కాల్ సైన్ పొందిన పిదపనే మైకు మీట నొక్కుట ధర్మము. నొక్కుటకు ముందు వినవలెను. నొక్కిన తోడనే పలుకక అరక్షణమాగవలెను, లేనిచో రిపీటరు మేల్కొనులోపల మొదటి మాట తెగిపోవును. అన్నిటికంటె ముఖ్యము, ఒకరు ముగించిన వెంటనే మరియొకరు అందుకొనకుండుట. ఎఫ్.ఎం. ప్రసారమున రెండు సంకేతములు ఢీకొన్నపుడు బలమైనదే వినవచ్చును, బలహీనమైనది ఆనవాలు లేక అణగిపోవును. కాబట్టి 50 వాట్ల బండ్లవారు ఎడతెగక మాటలాడుచుండగా, గండిపడిన చెరువుగట్టున చేతిసెట్టు పట్టుకొని నిలిచినవాడు ఎన్నిమారులు పిలిచినను ఒక్కరికిని వినబడడు. ప్రతి మాట వెనుకను రెండు మూడు క్షణముల ఎడము విడిచినచో, అతడు తన కాల్ సైన్ చెప్పి నడుమ ప్రవేశించుటకు అది చాలును.