కూలిన గోడ, జారిన డంపు

ఓపెన్‌కాస్టు గనిలో సీనియర్ జియాలజిస్టు ఏం చేస్తాడని అడిగితే, బొగ్గు ఎక్కడుందో, రాగి ఎంతుందో చెబుతాడంటారు. అది నిజమే. బోరుహోల్ కోర్లు పరిశీలించడం, సీము (బొగ్గు పొర) ఎటు వాలిందో కొలవడం, ఫాల్టు దాటాక బొగ్గు ఎన్ని మీటర్లు కిందికి దిగిందో సెక్షన్ గీసి చూపడం ఆయన నిత్యకృత్యం. దీని వెనక మరో పని ఉంటుంది. దాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. తవ్వగా మిగిలిన గోడ, తవ్వి పోసిన గుట్ట ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పాల్సిందీ ఆయనే. ఈ రెండో పనిని తూచడానికి నాలుగేళ్లలోపు ఎడంలో జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఒకటి అమెరికాలోని బింగమ్ కాన్యన్‌లో, రెండోది జార్ఖండ్‌లోని లాల్‌మటియాలో జరిగింది.

సాల్ట్ లేక్ సిటీకి దగ్గర్లో ఉన్న బింగమ్ కాన్యన్ రాగి గనిని 1906 నుంచి ఓపెన్‌కాస్టు పద్ధతిలో తవ్వుతున్నారు. లోతు కిలోమీటరు దాటింది, వెడల్పు నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాని ఈశాన్యపు గోడలో మెనఫే అనే బలహీనమైన పొర ఉంది. 2013 ఫిబ్రవరిలో ఆ గోడ కదలిక పెరుగుతున్నట్టు పరికరాలు చూపించాయి. ఇలాంటప్పుడు జియాలజిస్టులు వాడే లెక్కల్లో ఒకటి 1985లో జపాన్ పరిశోధకుడు ఫుకుజొనో ప్రతిపాదించింది. గోడ రోజుకు ఎంత జరుగుతోందో కొలుస్తారు. ఒకటిని ఆ వేగంతో భాగించి, వచ్చిన అంకెను తేదీలవారీగా గ్రాఫు మీద పెడతారు. వేగం పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది. దాన్ని ముందుకు పొడిగిస్తే సున్నాను ఏ తేదీ దగ్గర తాకుతుందో, గోడ ఇంచుమించు అప్పుడే కూలుతుంది. కాగితం మీద ఇది పదో తరగతి లెక్కే. గనిలో మాత్రం ఒక వాన పడితే వేగం పెరుగుతుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే తగ్గుతుంది. గీత అటూ ఇటూ ఊగుతుంటే, ఏ రోజున దాన్ని నమ్మి పని ఆపమని చెప్పాలి? ఒకరోజు ముందే ఆపిస్తే లక్షల డాలర్ల నష్టం, ఒకరోజు ఆలస్యమైతే శవాలు. సీనియర్ అనే మాటకు గనిలో అర్థం ఈ నిర్ణయం దగ్గరే తేలుతుంది.

బింగమ్‌లో ఆ నిర్ణయం సకాలంలో జరిగింది. గోడ రోజుకు ఐదు సెంటీమీటర్ల దాకా జరగడం మొదలయ్యేసరికి సందర్శకుల కేంద్రం మూసేశారు, దారులు మళ్లించారు. ఏప్రిల్ 10న పగలే అందరినీ బయటికి పంపేశారు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి, మరో గంటన్నరకు ఇంకోసారి గోడ కూలింది. మొత్తం 14 కోట్ల టన్నులకు పైగా రాయి కిందికి వచ్చింది. ఒక్కరికీ గాయం కాలేదు. ఈ కూలుడు చుట్టుపక్కల చిన్న భూకంపాలను కూడా రేపిందని యూటా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తర్వాత చెప్పారు. గోడ కూలడం వల్ల భూకంపాలు రావడం వాళ్లకూ కొత్తే.

ఈ కథను విజయగాథగా చెప్పేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. కూలే వేళను బాగానే అంచనా వేశారు గానీ, కూలిన రాయి ఎంత దూరం పారుతుందో సరిగ్గా పట్టుకోలేకపోయారు. అది అనుకున్నదానికన్నా చాలా వేగంగా, చాలా దూరం పోయి గని అడుగును కప్పేసింది. ముందు జాగ్రత్తగా పక్కన నిలిపిన యంత్రాలు కూడా దెబ్బతిన్నాయి. మూడు షావెళ్లు, డజనుకు పైగా డంపర్లు ఆ లెక్కలోకి వచ్చాయి. అంటే ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, ఎక్కడి దాకా అన్నదానికి దొరకలేదు. మనుషులను యంత్రాల పక్కన కాకుండా గని బయటే ఉంచారు కాబట్టి ఆ తప్పు డబ్బుతో పోయింది.

ఇప్పుడు లాల్‌మటియా. ఇక్కడిది గొడ్డా జిల్లాలోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టు, ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గని. 2016 డిసెంబరు 29 రాత్రి పని నడుస్తుండగా ఓబీ డంపు, అంటే బొగ్గు మీదినుంచి తీసి పోసిన మట్టిగుట్ట, జారింది, 23 మంది చనిపోయారు. డంపర్లు, ఎక్స్‌కవేటర్లు మనుషులతో సహా మట్టికింద పడ్డాయి. మర్నాడు వచ్చిన ప్రభుత్వ ప్రకటన చదవాల్సిన పత్రం. 300 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతం 35 మీటర్ల మేర కిందికి జారిందని, 95 లక్షల ఘనపు మీటర్ల మట్టి కదిలిందని, ఇంతకు ముందెన్నడూ జరగనిదని, కంటికి కనబడని ఫాల్టు వెంబడి బెంచి (గని మెట్టు) అంచు తెగి ఉండవచ్చని అందులో ఉంది. ఆ వైశాల్యంలో అంత మట్టి కదలాలంటే మందం దాదాపు 290 మీటర్లు ఉండాలి. కొలతలు తొందరలో తీసినవేనని ఒప్పుకుందాం. కానీ ఫాల్టు మాట అలా వదలలేం. బోరు వేయనంత కాలం ప్రతి ఫాల్టూ కంటికి కనబడనిదే. ఆ బోర్లు ఎక్కడ వేయాలో నిర్ణయించడం కోసమే గదా జియాలజిస్టుకు జీతం ఇచ్చేది. ఆ చోట పగుళ్లు ముందే కనిపించాయని కార్మికులు చెప్పినట్టు అప్పటి పత్రికలు రాశాయి.

రెండింటినీ ఒకే త్రాసులో పెట్టడం అన్యాయమని ఎవరైనా అంటే, కొంతవరకు ఒప్పుకుంటాను. అక్కడిది గట్టి రాతి గోడ, ఇక్కడిది తవ్విపోసిన మట్టి. గోడ వారాల తరబడి కదులుతూ హెచ్చరిక ఇచ్చింది. డంపు అంత వ్యవధి ఇవ్వకపోవచ్చు, నీళ్లు పట్టిన డంపయితే అసలే ఇవ్వదు. అయితే తేడా అంతా కదలికను కొలిచే రాడార్ ఖరీదులో ఉందనే వాదన మాత్రం నాకు ఎక్కదు. పగులుకు అటొక మేకు, ఇటొక మేకు కొట్టి, పూటకోసారి టేపుతో కొలవడానికి కోట్లు అక్కర్లేదు. కొలిచిన అంకె ఎవరి బల్ల మీదికి చేరుతుంది, ఆ బల్ల దగ్గర కూర్చున్నాయన షిఫ్టు ఆపగలడా అన్నదే అసలు తేడా. బింగమ్‌లో గోడను కొలిచేవాళ్ల మాట ఉత్పత్తిని ఆపింది. లాల్‌మటియాలో ఆ రాత్రి డంపర్లు తిరుగుతూనే ఉన్నాయి.

దీనికి ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. మన బొగ్గు గనుల్లో జియాలజిస్టు సెక్షన్ గీసేది బొగ్గు కోసమే. ఓబీ అంటే తీసి అవతల పోసేది, దాని లెక్క కాంట్రాక్టరు ఎత్తిన ఘనపు మీటర్లలో ఉంటుంది. రామగుండం, మణుగూరు వైపు వెళ్లినవాళ్లకు ఆ గుట్టలు తెలుసు. సింగరేణి బొగ్గు కూడా రాజ్‌మహల్ బొగ్గులాగే గోండ్వానా రాళ్లలోదే. గోదావరి లోయ ఫాల్టుల మధ్య దిగబడిన పల్లం, కాబట్టి ఫాల్టులు ఇక్కడా తక్కువేం కావు. 1957 నాటి నిబంధనల స్థానంలో 2017లో వచ్చిన బొగ్గు గనుల నిబంధనలు బెంచీల, డంపుల వాలును శాస్త్రీయ అధ్యయనం మీద నిర్ణయించాలంటున్నాయి. మంచిదే. కానీ ఆ అధ్యయనానికి ఆధారం ఎక్కడిది? అన్వేషణ బోర్లు బొగ్గు ఉన్న చోట దట్టంగా పడతాయి. బయటి డంపునేమో బొగ్గు లేని నేల చూసి పోస్తారు, అంటే బోర్లు అతి తక్కువగా ఉన్న చోట. లోపలి డంపు సీము తీసేసిన అడుగు మీద కూర్చుంటుంది. ఆ అడుగు వాలు, దాని మీది బంకమట్టి, దానిలోకి దిగే వాననీరు జియాలజిస్టుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. సీము తీసేశాక ఆయన పని అయిపోయిందని ఫైలు మూసేస్తారు.