ఎముకను వదలని మెత్తదనం

కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ పోటీల్లో పంది పక్కటెముకలకు మార్కులు వేసేవాళ్లు ముక్కను చేత్తో పట్టుకుని సరిగ్గా నడిమిన కొరుకుతారు. పంటికి చిక్కినంత మేర మాంసం సాఫుగా ఊడి రావాలి, అక్కడ తెల్లటి ఎముక బయటపడాలి. దానికి అటూ ఇటూ ఉన్న మాంసం మాత్రం కదలకూడదు. ఒక్కసారి కొరకగానే కండంతా జారిపోయిందంటే అతిగా ఉడికిందని లెక్క, మార్కులు తగ్గుతాయి.

హోటళ్ల ప్రకటనల్లో ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. ఎముక నుంచి రాలిపడేంత మెత్తన అని గొప్పగా వేసుకుంటారు. నేను మార్కులు వేసేవాళ్ల పక్షమే. రాలిపడే మాంసంలో పీచు పట్టు తప్పిపోయి, నోట్లో ముద్దలా తగులుతుంది. ఉప్పు, మిరియం, పొగ రుచులు ఒకదాని వెనుక ఒకటి తెలియాలంటే కాస్త నమలాలి, నమలడానికి అందులో ఏదో మిగలాలి. ఆ మిగలాల్సిందేదో మిగిల్చి తక్కినదంతా మెత్తబరచడమే ఈ వంటలోని విద్య. దీన్ని ఇంట్లో, మామూలు ఓవెన్‌లో కూడా సాధించవచ్చు.

ఈ విద్య ఎవరిదో ముందు చెప్పాలి. అమెరికా దక్షిణాది బార్బెక్యూ మూలాలు అక్కడి ఆదివాసుల నిప్పుల వంటలో ఉన్నాయి. దాన్ని తరాల పాటు చేతుల మీద నిలబెట్టింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు, వాళ్ల పిల్లలు. తోటల యజమానుల విందులకు, రాజకీయ సభలకు వాళ్లు నేలలో పొడవాటి గోతులు తవ్వేవారు. ఓక్, హికరీ దుంగలను పక్కన విడిగా మండించి, నిప్పులను పారతో ఎత్తి గోతిలో పరిచి, పైన పందిని పందిగానే పెట్టి రాత్రంతా కాపలా ఉండి కాల్చేవారు. కొవ్వు కారి మంట లేస్తే అణచడం, సెగ తగ్గితే నిప్పులు జోడించడం, ఏ వైపు ఎప్పుడు తిప్పాలో చూడటం అంతా వాళ్ల పనే. థర్మామీటర్ లేదు, అరచేయి పెట్టి చూడటమే. అడ్రియన్ మిల్లర్ 2021లో తెచ్చిన 'బ్లాక్ స్మోక్' పుస్తకంలో ఈ చరిత్రంతా ఉంది. బార్బెక్యూ పేరుతో టీవీలో, పత్రికల్లో వెలిగిన ముఖాల్లో నల్లజాతి వంటవాళ్లు ఎందుకు కనపడకుండా పోయారో కూడా ఆయన అందులో నిలదీశాడు. బార్బెక్యూ గురించి రాసే ఎవరైనా ఆ ప్రశ్నను దాటేసి పోకూడదు.

పక్కటెముకల కథ ఆ తర్వాత నగరాలకు చేరింది. పెద్ద పెద్ద మాంసం ప్యాకింగ్ కంపెనీల వ్యాపారమంతా హామ్, బేకన్, ఉప్పు వేసి నిల్వచేసిన మాంసం మీద నడిచేది. ఎముకలతో నిండిన ఈ భాగం నిల్వకు పనికొచ్చేది కాదు, అందుకే ప్యాకింగ్ ఊళ్లలో చవగ్గా దొరికేది. టెనసీలోని మెంఫిస్ ప్రాంతంలో పుట్టిన హెన్రీ పెర్రీ 1908 ప్రాంతంలో కాన్సస్ సిటీలో, దుస్తుల కర్మాగారాలున్న పేటలోని ఒక సందులో, ఓక్, హికరీ నిప్పుల మీద నిదానంగా కాల్చిన మాంసాన్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి అమ్మడం మొదలుపెట్టాడు. 1940లో ఆయన పోయాక చార్లీ బ్రయంట్ ఆ కొట్టు నడిపాడు, అతని తర్వాత తమ్ముడు ఆర్థర్. ఆర్థర్ బ్రయంట్ పేరుతో ఆ హోటల్ ఇవాళ్టికీ ఉంది. దక్షిణాది నుంచి ఉత్తరాదికి వలస వెళ్లిన నల్లజాతి కుటుంబాలతో ఈ వంట షికాగో సౌత్ సైడ్‌కూ చేరి, అక్కడ మరో రూపం తీసుకుంది.

ఇక మాంసం సంగతి. వెన్నెముకను ఆనుకుని, పైభాగంలో ఉండేవి బేబీ బ్యాక్ రిబ్స్. పొట్టిగా, వంపు తిరిగి, కండ ఎక్కువగా ఉంటాయి. వాటి కింద, పొట్ట వైపు దిగేవి స్పేర్ రిబ్స్. ఇవి పొడవు, కొవ్వు ఎక్కువ, రుచీ ఎక్కువే. స్పేర్ రిబ్స్ నుంచి రొమ్ము ఎముక, మెత్తటి ఎముక ఉన్న అంచు కోసేసి దీర్ఘచతురస్రంగా చెక్కితే సెయింట్ లూయిస్ కట్. ఆ కోసేసిన అంచులే రిబ్ టిప్స్, షికాగో వాళ్లకు ప్రాణం. కొనేటప్పుడు ఎముకలు కండలోంచి తొంగిచూస్తున్న పలకను తీసుకోవద్దు. పైకండను మరీ లోతుగా కోసేశారన్నమాట, పొయ్యిలో ఆ ఎముకలు ఊడిపోతాయి. మన ఊళ్లలో పంది మాంసం అన్ని కొట్లలో దొరికేది కాదు, దొరికిన చోట రిబ్స్ అడిగితే కత్తి ఎత్తి టకటకా ముక్కలు కొట్టేస్తారు. కొట్టొద్దని, పలక పలకగానే ఇవ్వమని ముందే చెప్పాలి.

పలకను బోర్లించి ఎముకల వైపు చూస్తే, వాటి మీద మెరిసే పల్చటి పొర ఒకటి బిగుసుకుని కనిపిస్తుంది. ఇది ఎంత కాల్చినా మెత్తబడదు, ప్లాస్టిక్ కాగితంలా పళ్లకు అడ్డం పడుతుంది. మసాలానూ పొగనూ లోపలికి రానివ్వదు. వెన్న రాసుకునే మొండి కత్తి మొనను రెండో ఎముక మీద పొర కిందికి దూర్చి, మెల్లగా పైకి లేపితే చిన్న సందు ఏర్పడుతుంది. అందులోకి వేలు పెట్టి వెడల్పు చెయ్యాలి. కొస పైకి లేచాక, వేళ్లు జారతాయి కాబట్టి పేపర్ టవల్‌తో గట్టిగా పట్టుకుని ఒక వైపు నుంచి రెండో వైపుకు లాగాలి. బాగా పట్టు దొరికితే పొరంతా ఒక్క ముక్కగా, చర్రుమంటూ ఊడివస్తుంది. తెగితే మళ్లీ ఇంకో ఎముక దగ్గర మొదలు. ఈ ఐదు నిమిషాల పని ఎగ్గొట్టి మంచి రిబ్స్ చేసినవాళ్లను నేను చూడలేదు.

ఉప్పు కిలోకి 10 గ్రాముల దాకా ముందు రోజు రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెడితే నయం. ఉప్పు ఒక్కటే కండ లోపలికి దిగుతుంది, తక్కిన మసాలా అంతా పైనే ఉండి కాలి, నల్లటి పెచ్చు కడుతుంది. అమెరికా వంటిళ్లలో ఆ మసాలాలో బ్రౌన్ షుగర్, పాప్రికా, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఆవపొడి, జీలకర్ర ఉంటాయి. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం పొడి, పాప్రికా బదులు కారం తక్కువగా ఉండే బ్యాడిగి మిరపపొడి వేసినా ఏ లోటూ రాదు. గుంటూరు కారం వేసేవాళ్లు చెయ్యి బిగబట్టుకోవాలి. గంటల తరబడి పొడి సెగలో ఉండే సరికి ఆ ఘాటు మిగతా అన్నింటినీ మింగేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. పంది మాంసం లోపల 63 డిగ్రీల సెల్సియస్ చేరి, మూడు నిమిషాలు ఆగితే తినడానికి క్షేమమని అమెరికా వ్యవసాయ శాఖ 2011 నుంచి చెబుతోంది. కానీ ఆ వేడి దగ్గర పక్కటెముకలు దింపితే నమలలేం. ఊపిరి తీసిన ప్రతిసారీ కదిలే కండ కదా, కొలాజెన్ అనే గట్టి పీచు పదార్థం దాని నిండా అల్లుకుని ఉంటుంది. 70 డిగ్రీలు దాటాక ఆ కొలాజెన్ నిదానంగా కరుగుతూ జెలటిన్ అవుతుంది. మన పాయా తాగాక పెదాలు అతుక్కుంటాయే, ఆ జిగురు ఇదే. ఆ వేడిలో కండ తన నీటిని చాలావరకు పోగొట్టుకుంటుంది, పోయిన నీటి చోట జెలటిన్, కొవ్వు నిలబడి రసం ఉన్నట్టే తోపింపజేస్తాయి. ఈ మార్పు తొందరపెడితే జరగదు. పొయ్యి లోపల 110 నుంచి 120 డిగ్రీలు, కండ లోపల 90 నుంచి 95 చేరేదాకా గంటల తీరిక, అదీ లెక్క. ముందుగా నీళ్లలో ఉడకబెట్టి తర్వాత కాల్చే అడ్డదారి ఒకటుంది. కొలాజెన్ కరుగుతుంది నిజమే, రుచిలో సగం ఆ నీళ్లతో పాటు సింకులోకి పోతుంది. నాకది సమ్మతం కాదు.

నడుమ 65, 70 డిగ్రీల దగ్గర మాంసం వేడి ఎక్కడం ఆగిపోయినట్టుంటుంది. కొత్తగా వండేవాళ్లు అక్కడ కంగారుపడి సెగ పెంచేస్తారు. కొలాజెన్ కరగడం వల్లే ఇలా ఆగుతుందని బార్బెక్యూ లోకం చాలా కాలం నమ్మింది. గ్రెగ్ బ్లోండర్ అనే భౌతిక శాస్త్రవేత్త తడి స్పాంజినీ కొవ్వు ముద్దనూ పొయ్యిలో పెట్టి కొలిచాడు. కొవ్వు ముద్ద ఆగకుండా వేడెక్కింది, కొలాజెన్ జాడ కూడా లేని తడి స్పాంజి మాంసంలాగే మధ్యలో ఆగింది. అంటే పైతడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తోందన్నమాట. దీనికి విరుగుడు ఫాయిల్: ఆవిరి పోకుండా బిగించి చుడితే వేడి మళ్లీ ఎక్కుతుంది. పక్కటెముకలు పలచన కాబట్టి భుజం మాంసంలా పూటల తరబడి ఆగిపోవు.

ఈ ఫాయిల్‌ను వాడుకునేదే ఇంటి పెరట్లో వండేవాళ్లలో పాకిన 3-2-1 పద్ధతి. స్పేర్ రిబ్స్‌ను 107 డిగ్రీల దగ్గర మూడు గంటలు పొగలో, రెండు గంటలు ఫాయిల్‌లో, చివరి గంట సాస్ పూసి విప్పి ఉంచడం. గుర్తుంచుకోవడానికి సులువే, కానీ బేబీ బ్యాక్‌కు ఇది మరీ ఎక్కువ. మూడు గంటల పొగ తర్వాత ఫాయిల్‌లో రెండు గంటలుంటే అవి రాలిపడటం ఖాయం, గంట చాలు. అసలు గడియారాన్ని పూర్తిగా నమ్మకూడదు. పలకను ఒక కొస దగ్గర పటకారుతో పట్టుకుని పైకెత్తండి. విల్లులా వంగి, పై పెచ్చు అక్కడక్కడ చీలడం మొదలుపెడితే అయినట్టే. రెండు ఎముకల మధ్య టూత్‌పిక్ గుచ్చితే అడ్డు లేకుండా దిగాలి. ఎముకల కొసలు కండలోంచి అర అంగుళం బయటికి వచ్చి ఉంటాయి. పలక బిర్రుగా నిలబడితే మళ్లీ లోపల పెట్టాలి, పట్టుకోగానే రెండుగా తెగితే ఆలస్యమైపోయింది.

బొగ్గుల గ్రిల్ ఉన్నవాళ్లు నిప్పులన్నీ ఒక పక్కకు చేర్చి, మాంసాన్ని రెండో పక్కన పెట్టి మూత వేయాలి. 1952లో జార్జ్ స్టీఫెన్ షికాగోలో లోహపు బోయాను సగానికి కోసి చేసిన వెబర్ కెటిల్ ఇంటింటికీ చేరడానికి కారణం ఆ మూతే. బొగ్గు ఇటుకలను అంచు వెంబడి వరుసగా పేర్చి ఒక కొస మాత్రమే అంటిస్తే నిప్పు నెమ్మదిగా పాకుతూ గంటలు కాస్తుంది. పొగను చూడటం నేర్చుకోవాలి. తెల్లగా దట్టంగా వస్తే కట్టె సరిగా మండటం లేదు, మాంసం చేదెక్కుతుంది. పల్చగా, నీలిరంగుగా, కనీ కనపడకుండా వచ్చే పొగ మంచిది. హికరీ, ఆపిల్, చెర్రీ, ఓక్ అక్కడి కట్టెలు. టెక్సాస్‌లో వాడే మెస్కీట్ మన పొలాల గట్ల మీద పాతుకుపోయిన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. దాని పొగ ఘాటు, ఒకటి రెండు ముక్కలు మించొద్దు. మామిడి, జామ కట్టెలు ఎండినవైతే పంది మాంసానికి చక్కగా ఒప్పుతాయి. జిగురు కారే కట్టెలు, నీలగిరి దగ్గరికి పోవద్దు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకు ఓటీజీ చాలు. పలక పట్టకపోతే రెండుగా కోయాలి. మసాలా పట్టించి, ఎముకల వైపు కిందికి పెట్టి, ఫాయిల్‌లో గట్టిగా చుట్టి 120 డిగ్రీల్లో బేబీ బ్యాక్ అయితే రెండున్నర గంటలు, సెయింట్ లూయిస్ కట్ అయితే మూడు దాటి. ఓటీజీ మీటలు చూపే వేడికీ లోపలి వేడికీ పొంతన ఉండదు, చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి లోపల పెట్టుకుంటే మంచిది. తర్వాత ఫాయిల్ విప్పి, సాస్ పూసి, పై రాడ్డు మాత్రమే వెలిగించి పదినిమిషాలు. సాస్‌లో తీపి ఉంటుంది కాబట్టి ముందే పూస్తే మాడుతుంది. హైదరాబాదీ వంటల్లో లాగా కణకణలాడే బొగ్గు మీద నెయ్యి వేసి మూతపెట్టి ధుంగార్ పట్టవచ్చు. అది నేతి పొగ వాసన, హికరీది కాదు, అయినా దానికంటూ ఒక అందం ఉంది. ఓవెన్ మాంసంలో పెచ్చు కింద గులాబీ రంగు వలయం రాలేదని బాధపడనక్కర్లేదు. కట్టె కాలేటప్పటి నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ కండలోని మయోగ్లోబిన్‌తో కలిస్తే వచ్చే రంగు అది, రుచి ఏమీ ఉండదు.

ఇంతా చెప్పాక ఈ సూత్రాలను లెక్కచేయని ఒక చోటు గురించి కూడా చెప్పాలి. మెంఫిస్ నడిబొడ్డున ఒక సందులో, నేలమాళిగలో చార్లీ వెర్గోస్ 1948లో పెట్టిన రెండెవూ హోటల్‌లో పక్కటెముకలను కట్టెపొగలో కాకుండా బొగ్గు సెగ మీద, వేడిగా, రెండు గంటల లోపే కాల్చేస్తారు. మధ్యలో వినెగర్ నీళ్లు చల్లుతారు, దింపాక పొడి మసాలా జల్లుతారు, సాస్ పూయరు. చిన్న పలకలు, నిప్పుకు తగిన ఎత్తు, మనిషి కన్ను అక్కడ సమయం చేసే పనిలో కొంత చేస్తాయి. కాన్సస్ సిటీ వాళ్లు టమాటా, మొలాసిస్ వేసిన చిక్కటి తీపి సాస్ లేకుండా తినరు. ఈ తగువులో నేను మెంఫిస్ వైపు ఒరుగుతాను. పలకలో సగం పొడిగా, సగం సాస్‌తో చేసి తిని చూస్తే ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

పలక దింపాక పది నిమిషాలు ఆగి, బోర్లించి, ఎముకల వరస కనపడుతుండగా వాటి మధ్యగా కోయాలి. పక్కన మెత్తటి తెల్ల బ్రెడ్, ఊరవేసిన దోసకాయ ముక్కలు. ఎముకలు పారేయకండి. అమెరికా దక్షిణాది ఇళ్లలో కొల్లార్డ్ ఆకుకూరను పొగపట్టిన పంది ఎముకలతో ఉడికించి, పైన వినెగర్ చుక్కలు వేస్తారు. డాలస్‌లోనో షార్లట్‌లోనో పెరట్లో గోంగూర పెంచుకుంటున్న తెలుగువాళ్లకు వినెగర్ కూడా అక్కర్లేదు. ఆ ఎముకలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, గోంగూర కలిపి సన్నసెగ మీద పెట్టి, ఉప్పు మాత్రం చివర్న చూసి వేసుకోవాలి, మాంసానికి పట్టించింది ఎలాగూ దిగుతుంది.