వెళ్లే పిట్టల లెక్క

మన దగ్గర పక్షుల్ని చూడడం చలికాలపు వేడుక. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలోనే జరుగుతోంది. సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగ కూడా ఎక్కువసార్లు ఆ రోజుల్లోనే. శివరాత్రి దాటిందంటే బైనాక్యులర్లు బీరువా ఎక్కుతాయి. లెక్కలకు జనవరి మంచిదే, పక్షి అప్పుడు ఒకచోట కుదురుగా ఉంటుంది. కానీ వలసంటే కదలిక. దాన్ని తెలుసుకోవాలనుకునేవాళ్లు మార్చి, ఏప్రిల్ నెలల్ని వదులుకోకూడదంటాను. కాకినాడ బురద మేటల మీద తిరిగే కర్లూ శాండ్‌పైపర్‌నే చూడండి. జనవరిలో అదో బూడిదరంగు పిట్ట. కిందికి వంగిన ముక్కు తప్ప ప్రత్యేకత కనబడదు. మార్చి నెలాఖరుకి రొమ్ము మీద అక్కడక్కడ ఇటుకరంగు ఈకలు తొంగిచూస్తాయి. ఏప్రిల్ ముదిరేసరికి మెడ, పొట్ట ఎర్రబారతాయి. కొత్త ఈకల అంచున తెల్లటి గీత ఇంకా అరిగిపోదు. ఆ రోజుల్లోనే తెగ తిని ఒళ్లంతా కొవ్వు పట్టిస్తుంది. సైబీరియా టండ్రా దాకా ఎగరాలి మరి.

ఎండల మాటేమిటంటారు. నిజమే, పొద్దెక్కాక బురద మీద ఎండ మిలమిలలాడి టెలిస్కోపులో రంగు పోల్చుకోనివ్వదు. పోటు తెల్లవారుజామున ఎక్కే రోజులు చూసుకుని వెళ్తే నీళ్లే పిట్టల్ని ఒడ్డుకు నెట్టుకొస్తాయి. దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: వచ్చిన రోజు తెలుస్తుంది సరే, వెళ్లిన రోజు ఎలా తెలుస్తుంది? 2007లో మొదలైన వలసపక్షుల నమోదు కార్యక్రమం మైగ్రెంట్‌వాచ్ కూడా ముందుగా తొలిరాక తేదీలే అడిగింది. వెళ్లిపోవడం సాధారణంగా కంటపడదు. తర్వాత వెళ్లి, లేదని చూసుకుంటేనే తేలుతుంది. అంటే అదే చోటికి పదేపదే వెళ్లి, సున్నా అని రాసుకోవాలి. ఫొటో దొరకదు, నలుగురికీ చెప్పుకోవడానికీ ఏం ఉండదు, మహా విసుగు పని. అయితే ఆ సున్నాలు లేని ‘చివరి తేదీ’ మనం చూడడం మానేసిన తేదీ మాత్రమే.

ఇందులోనూ ఓ మెలిక ఉంది. కర్లూ శాండ్‌పైపర్లలో తొలి ఏడాది పిల్లలు చాలావరకు ఉత్తరానికి వెళ్లవు, నడివేసవిలోనూ బూడిదరంగుతో ఇక్కడి తీరాల్లోనే మేస్తుంటాయి. మరి చివరి తేదీకి అర్థమేముందని అడగవచ్చు. జాతి పేరు, సంఖ్య మాత్రమే రాస్తే నిజంగానే లేదు. ఎర్రవెన్ని, బూడిదవెన్ని అని విడిగా రాస్తే ఉంది: ఎర్రవి వారంవారం తగ్గి మాయమవుతాయి, బూడిదవి మిగులుతాయి. కొత్తవాళ్లకు ఇంత తలనొప్పి అక్కర్లేదనుకుంటే గులాబీ గోరువంకలున్నాయి. మోదుగు, బూరుగు పూల మీద మందలుగా వాలి నానా గోల చేసే ఆ పిట్టలు ఏప్రిల్ దాటాక దాదాపు కనిపించవు. వాటి సున్నాలు రాయడానికి బురదలో దిగే పని కూడా లేదు, ఊరి చివర చెట్టు చాలు.