ఆవు వ్యాసము

ఆవును గూర్చిన వ్యాసము నొక్కదానినే వల్లించిన విద్యార్థి, పరీక్షలో కొబ్బరిచెట్టును గూర్చి వ్రాయుమనగా, రెండు మాటలలో చెట్టును ముగించి, దానికి ఆవును కట్టివేసి, పిదప తనకు వచ్చినదంతయు వ్రాసెనను కథ నెరుగనివారు మనలో లేరు. వానిని జూచి నవ్వుచున్నాము. కాని యుపాధ్యాయులమగు మేమును ఆ పనియే చేయుచున్నామేమో యని శంక కలుగుచున్నది.

ఒక వస్తువును నడుమ నుంచి, దాని చుట్టును భాషను, గణితమును, ప్రకృతిశాస్త్రమును, చరిత్రమును అల్లి బాలురకు బోధింపవలెనను వాదము నేటిది కాదు. అమెరికాలో కిల్పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిని ప్రతిపాదించెను. 1937లో గాంధీమహాత్ముని ప్రేరణచే వార్ధాలో రూపొందిన విద్యాప్రణాళిక చేతిపనిని కేంద్రముగా గొనినది. ఇందలి సత్యము కాదనరానిది. బాలుని మనస్సులో అరలు లేవు.

మా పుంగనూరు పొట్టియావునే చూడుడు. దాని యెత్తు 70 మొదలు 90 సెంటీమీటర్లు. దానిని కొలిచి తమ యెత్తుతో పోల్చుకొనుట గణితము. చిన్నశరీరమునకు కొద్ది మేత చాలుననుటయు, వానలు తక్కువైన సీమలో నది యేల మేలో విచారించుటయు ప్రకృతిశాస్త్రము. అధికక్షీరమునకై వచ్చిన సంకరజాతులవలన నిది క్షీణించుట చరిత్రము. ఇంతవరకు వస్తువే పాఠమును పిలుచుచున్నది.

మేమొక యేడు మూడవ తరగతివారికి పదునైదు దినములు ఈ యావునే పాఠముగా జేసితిమి. పిల్లలు బొమ్మలు వేసిరి, పాటలు పాడిరి, చూడవచ్చిన పెద్దలు మెచ్చుకొనిరి. కడపటి దినమున, మందలో 52 కాళ్లున్నచో ఆవు లెన్ని యని యడిగితిమి. బొమ్మ చక్కగా వేసిన కూలివారి బిడ్డ యొకతె, "ఆ ఆవులు యాడుండాయి సార్?" అనెను. భాగహారము నామెకు మేము నేర్పలేదు. ఆవును మాత్రమే నేర్పితిమి.

దోషము పద్ధతిది కాదు, మాది. గణితమునకు దాని మెట్లు దానికి కలవు. మదనపల్లె చెంత రిషివ్యాలీవారు గ్రామముల బడులకై సిద్ధపరచిన కార్డుల విధానమున స్థానికమైన కథలును పాటలును పాఠములోనికి వచ్చినవి. అయినను భాషకును గణితమునకును వేర్వేరు సోపానములు విడువబడలేదు. ఒక మెట్టు గట్టిపడిన పిదపనే బాలుడు పై మెట్టున కాలు మోపును. ఈ వివేకమే మాకు లోపించినది.

కలిగినయింటి బిడ్డకు బడిలో విడిచినదానిని తల్లియో, ట్యూషను మాస్టరో పూరింతురు. ఆ కూలివారి బిడ్డకు బడి తప్ప వేరు దిక్కు లేదు. కావున గృహస్థులు తమ పిల్లలు తెచ్చిన బొమ్మలను మెచ్చుకొనుటతో నాగక, ఈ మాసమున వారికి క్రొత్తగా నేమి చేయ వచ్చినదో విచారింపవలెను. మేమును ప్రతి పాఠమునకు ముందు ఆ ప్రశ్ననే వేసికొనవలెను. ఆవును చెట్టునకు కట్టుట తప్పు గాదు. కట్టిన పిదప చెట్టును మరచుటయే తప్పు.